ఏడాది లోపల గుట్ట

మా వైపు ఒక పట్టింపు ఉంది. ఇంట్లో మనిషి పోతే ఏడాది నిండేదాకా ఆ ఇంటివాళ్ళు గుట్ట ఎక్కకూడదు. దినాలు అయిపోయాక వాడకట్టులోని గుడికి పోతే పోవచ్చు గానీ, గుట్ట మీద కూర్చున్న దేవుడి దగ్గరికి మాత్రం పోకూడదు. యాదగిరిగుట్ట అయినా, తిరుపతి అయినా అంతే. ఎందుకని చిన్నప్పుడు మా అమ్మను అడిగితే, ఎక్కొద్దంటే ఎక్కొద్దు, అంతే, అంది. మా ఇంట్లో శాస్త్రమంతా ఇలాగే నేర్పారు.

అందుకే మా వదిన ఫోన్ చేసి "ఈసారి గుట్టకు నన్ను సుత రాస్కో" అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. నాకు మాట రాకపోవడం అంటే చిన్న సంగతి కాదు. మా ఆయన చదువుతున్న పేపరు దించి మరీ నా మొహం చూశాడు.

ప్రతి మాఘమాసంలో బోయిగూడలోని మా పుట్టింటి గల్లీ ఆడవాళ్ళను పోగేసి, ఒక మినీ బస్సు మాట్లాడి ఎక్కడికో ఒక చోటికి తీసుకుపోవడం నాకు అలవాటు. పెళ్ళై మౌలాలి రైల్వే క్వార్టర్లకు వచ్చి ఇన్నేళ్ళైనా ఆ పెత్తనం వదులుకోలేదు. మా ఆయన నన్ను మేనేజర్ గారూ అని ఎగతాళి చేస్తాడు, చేస్తే చేయనీ. ఈసారి పొద్దున భువనగిరి కోట, మధ్యాహ్నం యాదగిరిగుట్ట, వచ్చేటప్పుడు దారిలో గుట్ట మీద కొత్తగా కట్టిన వెంకన్న గుడి అనుకున్నాం. వదిన వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అసలు ఆమెను అడగలేదు. ఏమని అడగను?

వదిన అంటే మా చిన్నన్న భార్య. మా చిన్నన్న లేడు. పోయాడని చెప్పడం లేదు నేను, లేడంటున్నాను. కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం వదినకు బీపీ గోళీలు అయిపోయాయని బండి తీసుకుని బయటికి వెళ్ళాడు. ఆ రోజు ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. గల్లీలో మోకాలి లోతు నీళ్ళు. మర్నాడు పొద్దున వాననీళ్ళు పోయే పెద్ద నాలా పక్కన అన్న బండి కనిపించింది. అన్న కనిపించలేదు. నాలా పొడుగునా తాళ్ళు వేసి, పడవలు వేసి వెతికారు. చెప్పు కూడా దొరకలేదు.

సైనిక్‌పురిలో ఉండే మా పెద్దన్న వారం తిరగకుండానే తేల్చేశాడు. నాలా తీసుకుపోయింది, ఒప్పుకోవాలి, చేయాల్సినవి చేసేద్దాం అన్నాడు. మా పెద్దన్న చెడ్డవాడు కాదు, ఏ పనీ పెండింగులో ఉండకూడదు ఆయనకు, అంతే. అప్పుడు వదిన ఒక మాట అడిగింది. కొట్టుకుపోయే మనిషి బండికి పెద్ద స్టాండు వేసి, తాళం వేసి, తాళంచెవి తీసుకుని పోతాడా అని. నిజంగానే ఆ బండి స్టాండు మీద నిటారుగా ఉంది. హ్యాండిల్ లాక్ చేసి ఉంది. ఆ రోజు నుంచి నేను వదిన పార్టీ. మా అన్న ఎక్కడో ఉన్నాడు. మతి తప్పి ఉన్నాడో, అలిగి ఉన్నాడో, ఉన్నాడు.

మిగతా వాళ్ళంతా మెల్లగా పెద్దన్న పార్టీలో చేరారు. నోటితో చెప్పలేదు. ఎలా తెలిసిందంటే, మా అన్నను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. చచ్చినోడి కండ్లు చారెడు అని ఊరికే అన్నారా? మా అన్న ఉన్నన్నాళ్ళు, ఆ రాణిగంజ్ షాపులో నట్లు బోల్టులు అమ్ముకోవడం తప్ప వాడికేం చేతనవునన్న వాళ్ళే, బంగారం లాంటి మనిషి ఉండె అనసాగారు. ఆ ఉండె అన్న మాట విన్నప్పుడల్లా, చెడ్డగా తిట్టండి, ఆయన్ను బతికి ఉండనీయండి అని అరవాలనిపించేది.

వదిన మాత్రం బొట్టు తీయలేదు, పుస్తెలు తీయలేదు. రోజూ సాయంత్రం అన్న షాపు నుంచి వచ్చే వేళకు కంచంలో అన్నం పెట్టి, పైన మూత పెట్టి కూర్చుంటుంది. రాత్రి దాకా చూసి, పొద్దున ఆ చద్దన్నం తనే తింటుంది. నేను ఎన్నిసార్లు పోట్లాడానో. ఒకసారి ఆమె మామూలుగా, పాలవాడు వచ్చిపోయాడని చెప్పినట్టు, మీ అన్న రోజూ వస్తాడు అని చెప్పింది. గడియ చప్పుడవుతుందట. గుమ్మం పక్కన నల్లా తిప్పి కాళ్ళు కడుక్కుంటాడట. లోపలికి వస్తాడు గానీ అన్నం ముట్టడట.

అదేమిటో తేల్చుకుందామని ఒకరోజు సాయంత్రం అక్కడే కూర్చున్నాను. ఇద్దరం చిక్కుడుకాయలు తుంచుతున్నాం. గడియ అల్లాడిన చప్పుడు నాకూ వినిపించింది. గాలి అనుకున్నాను. తర్వాత నల్లా చప్పుడు. లేచిపోయి చూస్తే నల్లా గట్టిగా కట్టేసి ఉంది, కింద బండ మాత్రం తడిగా ఉంది. బోయిగూడ నల్లాలు కారకుండా ఎప్పుడున్నాయి అని నాకు నేనే చెప్పుకున్నాను. వెనక్కి తిరిగి వచ్చేసరికి వదిన చిక్కుడుకాయల చాట పక్కకు జరిపి, ఒక మనిషి నడిచేంత దారి ఇచ్చి కూర్చుంది. ఆ దారిలోంచి నడిచి నా చోటికి పోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. గోడ పక్క నుంచి చుట్టూ తిరిగి పోయాను.

ఇప్పుడు అర్థమైంది కదా, ఆమె గుట్టకు వస్తాననడం అంటే ఏమిటో. అన్న కనబడకుండా పోయి ఏడాది కాలేదు. ఎనిమిది నెలలు అవుతోంది. వదిన గుట్ట ఎక్కిందంటే అన్న ఉన్నాడని గల్లీ మొత్తం ముందు, దేవుడి ముందు చెప్పినట్టే. ఎక్కలేదంటే పోయాడని ఒప్పుకున్నట్టే. ఇక ఆ మాట ఎవరూ తిప్పలేరు. ఎక్కుతుందని నాకు ఎంత సంతోషమో అంత భయం.

ఆ రోజు పొద్దున బోయిగూడలో బస్సు దగ్గరికి వదిన ఆకుపచ్చ చీర కట్టుకుని, చేతుల నిండా గాజులు వేసుకుని వచ్చింది. ఇద్దరు కూర్చునే సీట్లో కూర్చుని, కిటికీ వైపు తన సంచి పెట్టింది. ఎవరూ ఆ సంచి తీయమని అడగలేదు. నిలబడి వచ్చిన వాళ్ళు కూడా అడగలేదు.

మా గల్లీ చివరి ఇంట్లో ఒక పెద్దమ్మ ఉంది. ఎవరింట్లో ఏ శుభం జరిగినా, ఏ అశుభం జరిగినా ఏది చేయాలో ఏది చేయకూడదో ఆమెను అడగాల్సిందే. అడగకపోతే ఆమే వచ్చి చెబుతుంది. బస్సు మెట్టు దగ్గర ఆమె నా మోచేయి పట్టుకుంది.

"ఏడాది గాలే. గుట్ట ఎట్ల ఎక్కిస్తవ్ ఆమెను?"

ఏడాది కావడానికి ఏం జరిగిందని, ఎవరు పోయారని గట్టిగా అడిగాను. బస్సులో అందరికీ వినిపించాలనే అడిగాను. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు. పెద్దమ్మ మాత్రం జంకలేదు, గొంతు కూడా పెంచలేదు. "నీకేం బిడ్డా, నువ్వు ఇంకో ఇంటిదానివి. నువ్వు ఎక్కినా పట్టింపు లేదు, ఎక్కకున్నా లేదు. పట్టింపు ఆమెకు" అంది.

నిజమే. పెళ్ళైన ఆడబిడ్డకు పుట్టింటి మైల మూడు రోజులే. అన్న ఉన్నా లేకపోయినా నేను ఎన్ని గుట్టలైనా ఎక్కొచ్చు. నా ఎక్కుడుకు విలువ లేదు. ఒక తల్లి కడుపున పుట్టాం, ఒక కంచంలో తిన్నాం, కానీ ఆయన ఉన్నాడని చెప్పే అధికారం నాకు లేదు. ఆ కోపంతో ఉప్పల్ దాటేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఘట్‌కేసర్ దగ్గర ఎవరో నా చేతిలో సర్వపిండి ముక్క పెడితే తిన్నాను.

భువనగిరి కోట అంటే కోట కట్టిన గుట్ట కాదు, ఒకే బండ. ఊరి మధ్యలో నున్నగా, చెట్టూ చేమా లేకుండా లేచి ఉంటుంది. మెట్లు ఆ బండలోనే చెక్కారు. పైకి పోయేకొద్దీ మెట్లు అరిగిపోయి, పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు తప్ప ఏమీ ఉండవు. ఎండ ఎక్కకముందే ఎక్కేయాలని ముందు కోటకే తీసుకుపోయాను. దేవుడిని వదిలి ముందు కోటకు ఏమిటని పెద్దమ్మ గొణిగింది. బండ కాలితే నీ కాళ్ళే కాలతాయి అన్నాను. సగం మంది కింది దర్వాజా దగ్గరే చతికిలపడ్డారు. వదిన, నేను, ఇంకో నలుగురం పైకి ఎక్కాం.

ఈ కోట గురించి మా అన్న ఎప్పుడూ చెప్పేవాడు. కాజీపేట వైపు పోతుంటే రైలు కిటికీలోంచి కనబడుతుంది కదా, ఒకసారి తీసుకుపోతా, పోదాం పోదాం అనేవాడు. ఎప్పుడూ తీసుకుపోలేదు. ఆ మాట వదిన నవ్వుతూనే చెప్పింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను.

పైన గాలి ఎంతగా ఉందంటే మాట్లాడితే మాట నోట్లోకే తిరిగి వస్తోంది. కూలిన గోడలు, కప్పు లేని గదులు, బండ మీద గుంటల్లో నిలిచిన పచ్చటి నీళ్ళు. గాలికి ఆ గోడల్లోంచి ఎవరో ఊపిరి పీల్చినట్టు చప్పుడు వస్తోంది. నాకు అక్కడ నచ్చలేదు. దిగిపోదాం అనబోతుండగా, అవతలి గోడ మొదట్లో ఒక మనిషి కనిపించాడు.

వీపు మాత్రమే కనిపిస్తోంది. నీలం చొక్కా. ఎడమ భుజం కొంచెం దిగి ఉంది. మా అన్నకు చిన్నప్పుడు సైకిలు మీద నుంచి పడి ఆ భుజం అలాగే ఉండిపోయింది. ఆ మనిషి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మడమల మీద ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. అచ్చం మా అన్న రైలు కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడినట్టే. అన్నా అని కేక వేశాను. గాలికి కేక పోలేదు. పరిగెత్తాను. ఈ వయసులో, ఆ నున్నటి బండ మీద, చెప్పులు లేకుండా ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. దగ్గరికి పోయి చేయి పట్టుకున్నాను. ఆయన తిరిగాడు. ఎవరో. చాలా మర్యాదగల మనిషి, ఏమైందమ్మా, మంచినీళ్ళు కావాలా అని అడిగాడు.

ఏడుస్తూ వెనక్కి వచ్చాను. వదిన గోడకు ఆనుకుని అలాగే కూర్చుని ఉంది. లేచిన గుర్తు కూడా లేదు. ఎనిమిది నెలలుగా సికింద్రాబాద్ స్టేషన్లో, మోండా మార్కెట్లో, బస్సుల్లో ప్రతి మగవాడి వీపూ వెంబడించిన మనిషి ఆమె. ఇప్పుడు ఇంత పోలిక ఉన్న మనిషి ఎదురుగా ఉంటే కదలలేదు. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. నువ్వు చూడలేదా, కండ్లు పోయాయా అన్నాను.

"సూశిన. ఆయన గాదు" అంది. ఎలా తెలుసని అడిగాను. నా వైపు చూడకుండా చెప్పింది.

"ఒంటికెల్లి నీళ్లు కారుతలెవ్వు. మీ అన్నకు కారుతయ్."

ఎండలో ఆ బండ మీదే ఆమె పక్కన కూలబడ్డాను. రోజూ వస్తాడని చెప్పింది గానీ ఎలా వస్తాడో ఇన్నాళ్ళూ చెప్పలేదు. చొక్కా ఒంటికి అంటుకుపోయి, జుట్టులోంచి నీళ్ళు కారుతూ, వాన లేని రోజు కూడా అలాగే వస్తాడట. తుడుచుకోమని తువ్వాలు తీగ మీద వేసి ఉంచుతుందట. తుడుచుకోడట. ఆ చెప్పడంలో భయం లేదు, జ్వరం వచ్చిన పిల్లవాడి గురించి చెప్పినట్టు చెప్పింది. కమ్మీ పట్టుకుని దిగాను. ఆమె ముందు దిగింది.

కింది దర్వాజా నీడలో అందరం భోజనాలకు కూర్చున్నాం. పులిహోర, పెరుగన్నం, మామిడికాయ తొక్కు. వదిన తన కంచంలో పెట్టుకోకముందే డబ్బా మూతలో పులిహోర పెట్టి, కొంచెం అవతల బండ మీద ఉంచింది. ఇంట్లో పెట్టినట్టే అనుకున్నాను. ఇంట్లో అయితే నాలుగు గోడల మధ్య మూత కింద ఉంటుంది. ఇక్కడ ఆకాశం కింద పెట్టింది. ఆ తేడా ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

కాకి వచ్చింది. పులిహోర పెడితే కాకి రాక ఏనుగు వస్తుందా? అది నేను ఒప్పుకుంటాను, ఆ తర్వాత ఎన్నోసార్లు నాకు నేను ఇదే చెప్పుకున్నాను కూడా. కానీ మా చుట్టూ మెతుకులు పడి ఉన్నాయి, వెంట వచ్చిన పిల్లలు పారేసిన అప్పడాలు ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్నీ ముట్టలేదు. కంచాల మధ్య నుంచి నడుచుకుంటూ పోయింది. ఎగరలేదు, నడిచింది. మూత దగ్గర ఆగి, తల పక్కకు వంచి వదినను చూసి తినడం మొదలుపెట్టింది. అరవలేదు, ఇంకో కాకిని పిలవలేదు. ఒక్కటే, నిదానంగా, మెతుకు లేకుండా తినేసింది.

మనిషి పోయిన మూడో రోజు అన్నం వండి పిట్టకు, అంటే కాకికి, పెట్టడం మాకు ఉంది. పిట్ట ముట్టేదాకా ఎవరికీ ముద్ద దిగదు. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని ఏడుస్తారు. పెద్దమ్మ నమిలేది ఆపి, కళ్ళు మూసుకుంది. కాకి పోయాక వదిన లేచి, మూత తీసి, సీసాలో నీళ్ళతో కడిగింది.

"ఇయ్యాల తిన్నడు" అంది.

ఎవరితో అన్నదో తెలియదు. అప్పుడు కూర్చుని తను తిన్నది. ఆకలిగా ఉన్న మనిషి తిన్నట్టు రెండోసారి పెట్టించుకుని తిన్నది.

యాదగిరిగుట్ట చేరేదాకా బస్సులో నేను ఆమె వెనక సీట్లో కూర్చుని ఒకటే ప్రార్థన చేశాను, ఎక్కనీ స్వామీ, ఆమెను ఎక్కనీ అని. కాకి ఒక కాకి. నల్లా ఒక నల్లా. స్టాండు వేసి ఉంది బండి, అది మాత్రం నిజం. వైకుంఠ ద్వారం దగ్గర దిగాం. కొబ్బరికాయలు కొన్నాం. మెట్ల దారి మొదలయ్యే చోట అందరూ మెట్టుకు దండం పెట్టి కళ్ళకు అద్దుకుని ఎక్కుతున్నారు. వదిన కూడా వచ్చింది. వంగి మెట్టును ముట్టుకుంది. ఆమె చేయి కళ్ళకు అద్దుకుని, వెనక్కి జరిగి, కొబ్బరికాయల బండి పక్కన అరుగు మీద కూర్చుంది.

"మీరు పోయి రాండ్రి" అంది.

పెద్దమ్మ ఆమె తల మీద చేయి పెట్టి, పైకి పోయింది. నేను మాత్రం ఊరుకోలేదు. లే అన్నాను. చేయి పట్టి లాగాను. కాకికి పెట్టి మనిషిని చంపుతావా, బండి స్టాండు సంగతి ఏమైంది, నన్ను ఎందుకు ఇన్నాళ్ళు నీ పార్టీలో ఉంచుకున్నావు అని నలుగురూ చూస్తుండగా నోటికొచ్చినట్టు అన్నాను. ఆమె చేయి వదిలించుకోలేదు, లేవనూ లేదు. చివరికి నేనే వదిలేసి, కోపంతో గబగబా మెట్లెక్కాను. ఎవరు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను, నా అన్న ఉన్నాడు, అదుగో ఎక్కుతున్నాను చూడు అన్నట్టు ఎక్కాను. సగం ఎక్కాక గానీ గుర్తు రాలేదు, నా ఎక్కుడుతో ఏదీ రుజువు కాదని. అయినా ఎక్కాను.

లైన్లో చాలాసేపు నిలబడ్డాం. లోపల నరసింహస్వామి ముందు కాసేపే నిలబడనిచ్చారు. అన్న తొందరగా ఇంటికి రావాలి అని మాత్రం అడిగాను. అడుగుతుంటే, ఆయన రోజూ వస్తూనే ఉన్నాడు కదా అన్న ఆలోచన వచ్చింది. ఎలా రావాలో చెప్పేలోపల వెనకవాళ్ళు తోశారు.

దిగి వచ్చేసరికి పొద్దు వాలింది. వదిన అక్కడే ఉంది. కొబ్బరికాయల ఆమెతో ఏవో కబుర్లు చెబుతోంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. పెద్ద బావకు, అంటే మా పెద్దన్నకు, ఫోన్ చేశానని, రేపు పొద్దున సైనిక్‌పురి నుంచి వస్తానన్నాడని, ఏమేం చేయాలో ఆయన్నే చూడమన్నానని చెప్పింది. నేను తలకాయ దించుకుని ప్రసాదం పొట్లం విప్పుతూ కూర్చున్నాను. అరిచే ఓపిక లేదు.

"మీ అన్న కోసం మొక్కినవా?" అని అడిగింది.

మొక్కానన్నాను. ఏమని మొక్కావంది. తొందరగా ఇంటికి రావాలని, అన్నాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు అప్పుడు వచ్చాయి, ఆ రోజు మొత్తంలో అప్పుడే. నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. గాజులు నా మణికట్టుకు చల్లగా తగిలాయి.

"మంచిగ మొక్కినవ్. ఏటేటా ఎక్కు, గదే మొక్కు. నీకు పట్టింపు లేదు గద. ఇంక నేను అనరాదు. ఒక్కరన్న ఆయన ఉన్నడని అనుకోవాలె."

సరే అన్నాను.